రెండాకుల దగ్గర ఆగిన చలికాలం

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా మొదటి చలికాలంలో, బాల్కనీలో నేను పెట్టిన బీరమొక్కలు చావలేదు, పెరగలేదు. మట్టిని చీల్చుకుని పైకొచ్చిన రోజున ఎన్ని ఆకులున్నాయో అన్నే, రెండే రెండు, వారాల తరబడి అలాగే ఉండిపోయాయి. చచ్చిపోయే మొక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు. తల వాలుస్తుంది, పసుపెక్కుతుంది, కాడ మొదలు దగ్గర మెత్తబడుతుంది. ఇవి అలా లేవు. పచ్చగానే ఉన్నాయి. ముట్టుకుంటే బిరుసుగా, చల్లగా తగిలేవి. ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడి, మనం అటు తిరిగితే వదులుదామని చూస్తున్నట్టు ఉండేవి.

ఇప్పుడు మళ్ళీ కార్తీకం దగ్గర పడుతోంది. పాప పడుకుంది. గాలి శుభ్రం చేసే ప్యూరిఫయర్ మీద చిన్న దీపం ఒకటి ఎరుపుకీ పసుపుకీ మధ్య మారుతోంది. ఈ వేళప్పుడు తప్ప నాకు తీరిక దొరకదు. దొరికినా, పగలు ఇవన్నీ రాయబుద్ధి కాదు.

ఆయనది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. కాకినాడ నుంచి ఢిల్లీకి బదిలీ అయినప్పుడు పాపకి రెండున్నరేళ్ళు. సరోజినీ నగర్‌లో క్వార్టర్ వస్తుందని చాలా రోజులు ఎదురుచూసి, రాదని తేలాక ఇక్కడ తొమ్మిదో అంతస్తులో ఈ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. నాకు నోయిడాలో ఉద్యోగం దొరికింది. కొత్త ఉద్యోగం కాబట్టి సెలవుల మాట ఎత్తడానికి వీల్లేదు. పాపని కింద అంతస్తులోని క్రెష్‌లో వదిలేవాళ్ళం. నెల తిరక్కుండానే అది హిందీలో కలలు కనడం మొదలుపెట్టింది. నేను తెలుగులో అడిగితే అన్నీ అర్థం చేసుకునేది, జవాబు మాత్రం హిందీలో చెప్పేది.

బాల్కనీకి పావురాలు రాకుండా నిలువెత్తు వల కట్టి ఉంది, అదొక ధైర్యం. తలుపుకి గాజు పలక, రెండు గడియలు. పై గడియ బిగుసుకుపోయి కదిలేది కాదు. మధ్య గడియ వాడేవాళ్ళం. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే నేను పాపని ఆ తలుపు ముందు నిలబెట్టి చెయ్యి ఎత్తమన్నాను. మునివేళ్ళ మీద లేచి ఎంత సాగదీసినా గడియ మూడు వేళ్ళ ఎడంలో ఉండిపోయింది. ఆయన నవ్వారు. "ఇల్లు చూడమంటే గడియలు చూస్తావేంటి?" అన్నారు. నేను ఏ ఇంటికెళ్ళినా ముందు గడియలే చూస్తాను.

విత్తనాలు అమ్మ పంపింది. అమ్మావాళ్ళది గోదావరి పక్కన చిన్న టౌను. పెరట్లో ఆవిడకి పందిరి లేని కాలం లేదు. బీర, బెండ, గోంగూర విత్తనాలు వేటికవి పాత చీర ముక్కల్లో మూటగట్టి, పాప గౌన్ల మధ్య పెట్టి పార్సిల్ చేసింది. దీపావళి మర్నాడు ఫోన్ చేసింది.

"కార్తీకం వచ్చేసింది. వానలు వెనకబట్టాయి. ఇంకా చూస్తావేంటే, పాదులు పెట్టెయ్."

"ఇక్కడ అప్పుడే చలిగా ఉందమ్మా."

"చలి పాదులకి మంచిదే. మంచుకి బీరకాయ ఎంత లేతగా వస్తుందో నీకు తెలీదా ఏంటి? నీ చిన్నప్పుడు ఎప్పుడు పెట్టానో అప్పుడే పెట్టమంటున్నాను."

నిజమే, నాకు తెలుసు. మా వైపు చలికాలమంటే కూరగాయల కాలం. పొద్దున్నే కాస్త మంచు, పది గంటలకల్లా వీపు కాలే ఎండ. అన్నీ అప్పుడే కాస్తాయి. అందుకే కిటికీ బయట పొగ తెరలా దిగి ఎదురు టవర్ సగం కనబడని ఆ ఉదయం కూడా, నేను నా ముందున్న ఋతువుని నమ్మలేదు. అమ్మ ఫోన్లో వెనకాల వినబడే ఋతువుని నమ్మాను. అక్కడ కాకులు అరుస్తున్నాయి, ఎవరో బట్టలు ఉతుకుతున్నారు, ఎండ చప్పుడు కూడా వినిపిస్తున్నట్టే ఉంది.

ఆరు కుండీలు. మూడింట్లో బీర, రెండింట్లో బెండ, ఒకదాంట్లో గోంగూర. మధ్యాహ్నాలు ఇంకా కాస్త వెచ్చగా ఉండటంతో అన్నీ మొలిచాయి. పాప కుండీల ముందు బోర్లా పడుకుని చూసేది.

"ముట్టుకోకు బంగారం. కదిపితే పెరగవు," అన్నాను.

ఆ మాట ఎంత లోతుకి వెళ్ళిందో అప్పుడు తెలీలేదు.

తర్వాత ఎండ పోయింది. పోవడమంటే మబ్బు పట్టడం కాదు. సూర్యుడు ఉండేవాడు, నేరుగా చూసినా కళ్ళు చికిలించక్కర్లేని పాలిపోయిన బిళ్ళలా, ఎదురు టవర్ల వెనక. వేడి మాత్రం ఉండేది కాదు. ఆకుల మీద బూడిదరంగు పొర పేరుకునేది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడేది. అదే పూట పాప ముక్కు తుడిస్తే రుమాలు మీదా అదే నలుపు. రెండు గుడ్డలూ ఒకే బకెట్లో నానబెట్టినప్పుడు ఏది ఎవరిదో చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి విడివిడిగా ఉతకడం మొదలుపెట్టాను.

పాపకి దగ్గు పట్టుకుంది. రాత్రి మొదలైతే తెల్లవారాకే ఆగేది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చునేది. టీకాకి తీసుకెళ్ళినప్పుడు డాక్టరు బరువు చూసి, పాత బరువు చూసి, మళ్ళీ యంత్రం మీద నిలబెట్టారు.

"పెరగలేదు. పోయినసారి ఎంతో ఇప్పుడూ అంతే," అన్నారావిడ. "దగ్గుతో తినడం లేదు కదా, చలి తగ్గేవరకు చూద్దాం. కంగారు పడకండి."

ఎత్తు కొలుద్దామంటే పాప గోడకి ఆనుకుని నిలబడలేదు. ఏడ్చి, మెలికలు తిరిగి, నర్సు చెయ్యి కొరికింది. ఇంకోసారి చూద్దాంలే అని వదిలేశారు. ఇంట్లో కొలవడమన్నది మాకు అలవాటే లేదు. పిల్లల్ని గోడకి నిలబెట్టి గీత గీస్తే ఎదుగుదల ఆ గీత దగ్గరే ఆగిపోతుందని అమ్మ గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ చదివిన నాకు ఆ నమ్మకం లేదు. కానీ పెన్సిల్ చేతిలోకి తీసుకోవడానికి ధైర్యమూ లేదు.

ఆ సాయంత్రమే అమ్మా ఆయనా ఫోన్లో ఒక మాట అనేసుకున్నారు. నెలాఖరుకి అమ్మ వచ్చి పాపని తీసుకెళ్తుంది. హోలీ దాకా అక్కడే.

"గాలైనా బాగుంటుంది. నాలుగు ముద్దలైనా తింటుంది," అన్నారాయన.

"నేను లేకుండానా?"

"నువ్వు సెలవు పెట్టలేవుగా."

"అది నన్ను మర్చిపోతుంది."

"హోలీకే మర్చిపోతుందా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన కూడా భయపడుతున్నారని అర్థమైంది.

నెలాఖరులోగా పాప కాస్తైనా ఎదిగినట్టు కనబడితే ఈ ప్రయాణం ఆగుతుంది. లేకపోతే లేదు. బరువు చూసే యంత్రం మా ఇంట్లో లేదు. ఉన్నవి కుండీలే. ఎప్పుడు మొదలైందో చెప్పలేను, నేను మూడో ఆకు కోసం చూడటం మొదలుపెట్టాను. మూడో ఆకు వస్తే పాప ఉండిపోతుంది. ఇది ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా పూర్తిగా అనుకోలేదు. పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోపు బాల్కనీలోకి వెళ్ళి వంగి చూసేదాన్ని. రెండాకుల మధ్య చిన్న మొగ్గ ఉండేది. నిన్న ఎంతుందో అంతే. ఒక్కోసారి నేను వంగినప్పుడు, నా వెనక పాప కూడా నిశ్శబ్దంగా వచ్చి వంగేది.

"అమ్మా, సో రహే హై క్యా?" అనేది. నిద్రపోతున్నాయా అని.

"ఊఁ. నిద్రపోతున్నాయి. కదలకుండా నిద్రపోతేనే పెద్దవుతాయి. నువ్వు కూడా రాత్రి కదలకుండా పడుకోవాలి మరి."

పుష్యం మొదట్లో చలి ముదిరింది. మొక్కల మీద రాత్రుళ్ళు ప్లాస్టిక్ కప్పితే లోపల నీరు పట్టి బెండ ఒకటి కుళ్ళింది. దాన్ని పీకేసి మిగిలిన విత్తనమే మళ్ళీ వేశాను. అదీ మొలిచి, అదీ రెండాకుల దగ్గర ఆగింది. అప్పుడు పాప పసితనంలో వాడిన పల్చటి తెల్ల మల్లు గుడ్డలు తీశాను. ప్రతి కుండీలో, తర్వాత తీగ పాకడానికని గుచ్చిన వెదురు కర్ర ఉంది. కర్ర మీద నుంచి గుడ్డని గుడారంలా దింపితే మొక్కకి మంచు తగలదు. కానీ గాలికి గుడ్డ జారిపోయేది. అందుకని పైన ఏదైనా బిగుతుగా తొడగాలి. వచ్చిన కొత్తలో చలికి భయపడి సరోజినీ నగర్ మార్కెట్లో పాపకి ఒక సంచెడు ఉన్ని టోపీలు కొనుక్కొచ్చాను. ఎరుపువి, నీలివి, చెవుల దగ్గర కుచ్చులున్నవి. ఒక్కో కర్రకి ఒక్కో టోపీ తొడిగాను. సరిగ్గా కుదిరింది.

ఆయన చూసి, "నీ ఆరుగురు పిల్లలకీ స్వెటర్లు కూడా అల్లించు," అన్నారు.

పగలు తీసేద్దామనే అనుకున్నాను. కానీ పగలు ఎండ ఉంటే కదా తియ్యడం. అలాగే ఉండిపోయాయి. ఇంట్లోంచి చూస్తే నాకు అవి కుండీలే. వెనక నుంచి చూస్తాను కదా, కర్రలూ, కుండీల కింద ఎత్తుకి పెట్టిన ఇటుకలూ అన్నీ కనబడేవి.

ఎదురు టవర్‌లో ఉండే ఆంటీ నన్ను పలకరించింది కింద కూరగాయల బండి దగ్గర. మా బాల్కనీకి సరిగ్గా ఎదురుగా, పదో అంతస్తు ఆవిడది. వాళ్ళది కరీంనగర్ వైపు. అంకుల్ రిటైర్ అయ్యేదాకా సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉండి, తర్వాత ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని దగ్గరికి వచ్చింది.

"తెలుగోళ్ళేనా? అచ్ఛా! తొమ్మిదో ఫ్లోర్ మీదేనా? ఒక మాట అడుగుత, ఏమనుకోకు బిడ్డా. నీకు ఎంతమంది పిల్లలు?"

"ఒక్కతే ఆంటీ. పాప."

"మజాక్ చెయ్యకు."

"నిజం ఆంటీ."

"మరి పొద్దుగాల బాల్కనీల నిలబడేటోళ్ళు ఎవరు? రోజు చాయ్ తాగుకుంట చూస్త. టోపీలు పెట్టుకొని లైన్ల నిలబడుతరు. ఉరకరు, ఆడరు. గింత సలిల పిల్లలను గట్ల బయట నిలబెడుతవా, ఏం తల్లివమ్మా అని మా ఆయనతోని గూడ అన్న."

నాకు నవ్వొచ్చింది. కుండీల సంగతి చెప్పాను. ఆంటీ కూడా నవ్వింది, కానీ నమ్మినట్టు లేదు.

"బీర పెట్టినవా? ఇప్పుడా?" అంది. "అయ్యో, నేను గూడ వచ్చిన సాల్ గట్లనే జేసిన. మా అమ్మ చెప్పిందని కార్తీకంల సొర పెట్టిన. పండుగ పోయింది, చలి పోయింది, సొర మాత్రం గట్లనే కూసున్నది. ఇక్కడ తీగ జాతి హోలీ ముందట పెట్టాలె. ఇప్పుడు మేథీ, పాలక్, మూలీ. చలికాలం వాటిది. బీరది కాదు. ఆదివారం రా, నా కుండీలు చూద్దువు. నా బాల్కనీల నిలబడి నీ పిల్లలను గూడ చూద్దువు."

ఆ ఆదివారం పొద్దున్న పాప రజాయి కింద నిద్రపోతోంది. ఆయన పాలు తెచ్చి, స్నానానికి గీజర్ వేసుకున్నారు. ఐదు నిమిషాల్లో వస్తానని ఎదురు టవర్‌కి వెళ్ళాను. 

ఆంటీ బాల్కనీ చూసి నేను ఆగిపోయాను. అంత పొగమంచులోనూ మెంతికూర గుబురుగా, పాలకూర అరచేయంత ఆకులతో, అన్నీ కదులుతున్నాయి. చాలా రోజుల తర్వాత పెరుగుతున్న మొక్కని చూశాను. చాయ్ కప్పు నా చేతిలో పెట్టి ఆంటీ వల దగ్గరికి పిలిచింది. ఎదురుగా ఏమీ లేదు. తెల్లగా, గోడలా పొగమంచు. మధ్యలో ఉన్న పార్కు లేదు, మా టవర్ లేదు. కాసేపటికి అది మెల్లగా పలచబడింది. ముందు కిటికీల నల్లటి గళ్ళు, తర్వాత బాల్కనీల అంచులు, తర్వాత మాది.

అక్కడ కుండీలు లేవు. వల వెనక తెల్లటి అంగీలు వేసుకుని, టోపీలు పెట్టుకుని, పిల్లలు నిలబడి ఉన్నారు. ఇటే చూస్తున్నారు. చేతులు కనబడవు, ముఖాలు కనబడవు. పిలుస్తారేమోనని చూస్తున్నట్టు, లేదా పిలవద్దని ఎవరో చెప్పినట్టు.

"చూసినవా? నేను చెప్తలేనా?" అంది ఆంటీ.

"కుండీలే ఆంటీ. ఆరు కుండీలు. చూడండి..." అంటూ వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టాను. నా నోరు ఆరు దగ్గర ఆగింది. వేలు ఆగలేదు.

"ఏడుగురు గదా," అంది ఆంటీ మామూలుగా.

ఎడమవైపు చివర, బట్టలారేసే స్టాండ్ పక్కన, నేను ఏ కుండీ పెట్టని చోట, ఇంకొకటి ఉంది. అదే ఎత్తు. అదే తెల్లగుడ్డ. ఎరుపు టోపీ. గాలి వచ్చినప్పుడు ఆరు గుడ్డలూ కొద్దిగా ఊగాయి. ఏడోది ఊగలేదు. గుడ్డని లోపల నుంచి ఎవరో పట్టుకున్నట్టు అలాగే ఉంది. అంతలో పొగమంచు మళ్ళీ మూసుకుంది.

కప్పు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. లిఫ్ట్ కోసం ఆగలేదు. మెట్లు దిగుతూ ఆయనకి ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. పార్కులో నా ముందు రెండడుగులు తప్ప ఏమీ కనబడలేదు. మా టవర్ ఎటు ఉందో ఒక్క క్షణం తెలీక గుండ్రంగా తిరిగాను. వాచ్‌మన్ "క్యా హువా మేడమ్?" అంటున్నాడు. మా లిఫ్ట్ పైకి వెళ్తున్నంతసేపూ నేను తలుపుల అద్దంలో నా ముఖం చూడకుండా నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

ఇంట్లో గీజర్ నీళ్ళ చప్పుడు. మంచం మీద రజాయి తీసి ఉంది. బాల్కనీ తలుపు బెత్తెడు తెరిచి ఉంది. చలి ఇల్లంతా నిండిపోయింది.

పాప కుండీల వరసలో చివర నిలబడి ఉంది. ఉత్త కాళ్ళతో. టోపీ పెట్టుకుని, తన చిన్నప్పటి మల్లు గుడ్డ భుజాల మీద కప్పుకుని, రెండు అంచులూ పిడికిట్లో బిగించి. కళ్ళు మూసుకుని. పెదాలు పాలిపోయి ఉన్నాయి. చెంప ముట్టుకున్నాను. బిరుసుగా, చల్లగా తగిలింది. ఆ స్పర్శ నాకు తెలుసు. రోజూ పొద్దున్నే నా వేళ్ళకి తగిలేది అదే.

పిలిస్తే పలకలేదు. ఎంతసేపో నాకు తెలీదు, ఒక్క శ్వాసంతేనేమో. తర్వాత కళ్ళు తెరవకుండానే, పెదాలు మాత్రం కదిలించి, గుసగుసగా అంది:

"శ్... హిలావో మత్ అమ్మా. మై బడీ హో రహీ హూఁ."

కదపొద్దమ్మా, నేను పెద్దవుతున్నాను.

ఆ రోజంతా ఆవిరి పట్టాం, వేడినూనె రాశాం, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దగ్గు ఎక్కువైంది, జ్వరం మాత్రం రాలేదు. సాయంత్రానికి ఇంట్లో ఇంకో చలి మొదలైంది.

"నువ్వు ఎదురింటికి వెళ్ళే ముందు బాల్కనీలోకి వెళ్ళావు కదా," అన్నారాయన.

"వెళ్ళాను. వచ్చి గడియ వేశాను."

"నేను పాలు తెచ్చాక కూడా చూశాను. వేసే ఉంది."

"వేసి ఉంటే ఎలా తెరుచుకుంది? గాలికి తెరుచుకుందా?"

"నాకేం తెలుసు? నేను స్నానం చేస్తున్నాను."

ఇద్దరం గట్టిగా అనుకోలేదు. ఆయన అబద్ధం చెప్పరు, నేనూ చెప్పడం లేదు. అప్పుడు మిగిలేదేమిటో ఇద్దరం ఆలోచించాం, ఇద్దరం పైకి అనలేదు. పడుకునే ముందు ఆయన వెళ్ళి గడియ చూశారు. తర్వాత నేను వెళ్ళి చూశాను. గాజు అవతల ఆరు టోపీలు. వీపులు మావైపు. తలుపు తీసి వాటిని పీకి పారేద్దామనుకున్నాను. కానీ తలుపు తీయాలనిపించలేదు. పరదా లాగేశాను. నేను చేయగలిగింది అంతే.

మర్నాడు ఆయన అమ్మకి ఫోన్ చేసి నెలాఖరు దాకా ఆగొద్దనీ, ఈ వారంలోనే రమ్మనీ చెప్పారు. నేను అడ్డు చెప్పలేదు. నా మూడో ఆకు రాలేదు. పాప గౌన్లు మడతపెట్టి చిన్న పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతి ఉదయం, పాలు పొయ్యి మీద పెడుతుంటే హాల్లోంచి శబ్దం వచ్చింది. ఇనుము ఇనుముకి రాసుకునే చిన్న కిర్రు. గిన్నె వదిలేసి, చెప్పులు లేకుండా, గోడ పట్టుకుని వెళ్ళాను. పరదా కింద నుంచి రెండు మడమలు కనబడ్డాయి. నేలకి తగలకుండా, గాల్లో.

పరదా తీశాను. పాప మునివేళ్ళ మీద లేచి నిలబడి ఉంది. ఎడమ అరచెయ్యి గాజుకి ఆనించి, ముక్కు గాజుకి నొక్కిపెట్టి, కుడిచేతి చూపుడువేలు మధ్య గడియ కొనకి కొక్కెంలా తగిలించి లాగుతోంది. నాలుక బయటపెట్టి, ఏదో పెద్ద పని చేస్తున్నట్టు. గడియ కదిలింది. తెరుచుకుంది.

"ఏవండీ," అని పిలిచాను. మళ్ళీ పిలిచాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరం గడియ వంక చూశాం, దాని మీదున్న వేలి వంక చూశాం. మునివేళ్ళ మీద లేచినా మూడు వేళ్ళ ఎడంలో ఉండిపోయిన గడియ అది. నేనే కొలిచాను.

"దీని దుంపతెగ," అన్నారాయన మెల్లగా. తర్వాత నేల మీద కూర్చుండిపోయి, పాపని ఒళ్ళోకి లాక్కుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చివర్లో మారిపోయింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

పాప వదిలేసిన చోట గాజు మీద దాని ఊపిరి తెల్లగా పట్టి ఉంది. ఆ ఆవిరిలో ఒక చిన్న అరచెయ్యి అచ్చు. ఎందుకనిపించిందో, నేను మోకాళ్ళ మీద కూర్చుని గాజు మీద దానికి కింద ఊపిరి వదిలాను. ఇంకో అరచెయ్యి తేలింది. ఇంకా కిందకి ఊదాను. ఇంకొకటి, పాతది, మసకగా. చలికాలమంతా నేను ఆ తలుపు తుడవలేదు. ఊదుతూ పోతుంటే లోపల ఎక్కడో దాగి ఉన్నట్టు ఒక్కొక్క చెయ్యీ పైకొచ్చింది, ఒకదాని మీద ఒకటి, కొద్ది కొద్దిగా ఎక్కుతూ, గడియ దాకా. నేను వంగి కుండీలో మూడో ఆకు కోసం వెతుకుతున్న అన్ని పొద్దులూ అది నా వెనక గాజు మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

పెన్సిల్ తెచ్చాను. తలుపు చట్రానికి నిలబెట్టాను. ఈసారి పాప మెలికలు తిరగలేదు. కదలకుండా నిలబడటం దానికి బాగా అలవాటైపోయింది. గీత గీసి టేపుతో కొలిచి, సాయంత్రం క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టరు ఎత్తు చూసి తలూపారు. "ఎదిగింది కదా. బరువు వెనకాలే వస్తుంది. తిండి, దగ్గు, ఈ రెండూ చూసుకోండి," అన్నారు. కంగారు పడకండి అని మాత్రం అనలేదు.

అమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పాను.

"ఎందుకే? ఏమైంది?"

"ఎదిగిందమ్మా. కొలిచాను."

"కొలవకూడదని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి ఎందుకు కొలిచావు? ఎంతుందేంటి?"

"కొలవకూడదన్నావుగా."

"కొలిచేశావు కదే, ఇంకా దాస్తావేంటి! చెప్పు!"

చెప్పాను. ఎవరితోనూ అనకు అంది. పక్కింటావిడతో ఆవిడే అనడం నాకు ఫోన్లో వినబడింది.

ఆ ఆదివారం గుడ్డలూ టోపీలూ తీసేశాను. బెండలు రెండూ గోంగూరా వేర్ల దగ్గర నల్లబడిపోయి ఉన్నాయి. ఆ మూడు కుండీల్లో ఆంటీ ఇచ్చిన మెంతులు చల్లితే, ఆ పాలిపోయిన ఎండకే చకచకా లేచాయి. బీరలు మూడూ మాత్రం అలాగే పచ్చగా ఉన్నాయి. పీకబుద్ధి కాలేదు. ఆంటీ "రెండు పోతయి, ఒకటి ఆగుతది" అంది, అలాగే అయింది. హోలీకి కాస్త ముందు, గాలి ఒక్క రోజులో మారిపోయింది. ఆ మిగిలినదానికి మూడో ఆకు వచ్చిన రోజు నేను చూడలేదు. పాప చెప్పింది, "ఉఠ్ గయా" అని, లేచిందని. తర్వాత అది కర్రని పట్టుకుని, వలని పట్టుకుని, రోజూ జానెడు చొప్పున ఎలా పాకిందంటే, పొద్దున్నే చూస్తే దాని తీగ చివర గాల్లో తడుముతూ తలుపు వైపు తిరిగి ఉండేది. ఏడెనిమిది కాయలు కాసింది. వడగాలులు మొదలైన వారం ఆకులన్నీ కాగితాల్లా ఎండి రాలాయి. ఇక్కడ ప్రతిదానికీ ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది, అది కాసేపే.

ఆ చలికాలంలోనే వడ్రంగి వచ్చి కొత్త గడియ బిగించాడు. ఎంత ఎత్తులో పెట్టమంటారని అడిగితే, నా తల దాటి చూపించాను. "ఇతనా ఊపర్?" అన్నాడు. అంత పైనే, అన్నాను.

ఈ ఏడాది మెంతులూ పాలకూరా ముందే చల్లాను. అమ్మ నిన్న ఫోన్ చేసి వానలు వెనకబట్టాయి, బీర పెట్టెయ్ అంది. సరేనన్నాను. విత్తనాల మూట అలమరలో ఉంది. హోలీ దాకా అక్కడే ఉంటుంది. పాప బరువు పెరిగింది. దగ్గు మాత్రం రెండు రోజులుగా మళ్ళీ వినబడుతోంది, ఇంకా చిన్నగా. ప్రతి దగ్గుకీ నా పెన్ను ఆగుతోంది.

ఈ ఉదయం తలుపు గాజు మీద ఈ చలికాలపు మొదటి ఆవిరి పట్టింది. అరచేతులు తేలాయి. పోయినేటి గడియ ఉన్న చోటు దాటి, దాని పైన, ఇంకా పైన. కింద ఒక కుర్చీ జరిపిన గీతలు నేల మీద ఉన్నాయి. కొత్త గడియకి ఇంకా రెండు జానల దూరం. కుర్చీ తీసుకెళ్ళి లోపలి గదిలో పెట్టి తాళం వేశాను. గాజు మాత్రం తుడవలేదు.